నలుపు, తెలుపు, రిక్తత: యంత్రచిత్రకళయందు తావో దర్శనము

ఒక వృత్తమును వంపుగీతతో రెండుగా విభజించి, ఒక సగమును నల్లగను, ఒక సగమును తెల్లగను నింపి, ఒక్కొక్కదానియందు ఎదుటిదాని బిందువు నొకదానిని నిలిపి, దానికి ‘యిన్–యాంగ్’ అని పేరు పెట్టుట నేడు కంప్యూటరు గల ప్రతివానికిని సులభమైన పని. రెండు మాటలు వ్రాసి అడిగినచో యంత్రమే అట్టి చిత్రములను పదులకొలది గీసి యిచ్చును. వానిని ‘తావో ప్రేరితకళ’ యని ప్రదర్శించువారు కొందరు. యంత్రము గీసినది కళయే కాదని త్రోసిపుచ్చువారు కొందరు. ఈ రెండు పక్షములును ఒక్క ప్రశ్నను దాటిపోయినవి. తావో దర్శనము వైరుధ్యమని దేనిని చెప్పినది? అది గణకయంత్రపు పనితీరునందు ఎచ్చట కుదురును, ఎచ్చట కుదురదు? ఈ విషయము తేలనంతవరకు మెప్పును నిందయు సమానముగా నిరాధారములే.

ఒక వస్తువును నిరూపింపవలెనన్నచో ముందు దాని లక్షణమును చెప్పవలెను. ఆ లక్షణము అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను దోషములు లేనిదై యుండవలెను. ‘నలుపు తెలుపులు ఎదురెదురుగా నుండుటయే తావో చిత్రమునకు లక్షణము’ అన్నచో చదరంగపు పలకయందు అతివ్యాప్తి కలుగును. తెల్లని రంగును ఏమాత్రమును పూయక, మసి యొక్కదానితోనే చీనా చిత్రకారులు గీసిన కొండలయందును నదులయందును అవ్యాప్తి కలుగును. కావున రంగులను విడిచి భావమున ప్రవేశింపవలసి యున్నది.

యిన్ అను మాటకు కొండయొక్క నీడవాలనియు, యాంగ్ అను మాటకు ఎండవాలనియు ప్రాచీనార్థము. కొండ ఒక్కటియే. ఎండవాలు లేనిచో నీడవాలు అను మాటకే అర్థము లేదు. ప్రొద్దు తిరిగినకొలది నీడయు తిరుగును. ఉదయము ఎండలోనున్న తూర్పువాలు సాయంకాలమునకు నీడలో పడును. ఇది రెండు వేర్వేరు వస్తువుల శత్రుత్వము కాదు. ఒకే వస్తువునందు స్థానమును, కాలమును బట్టి కలుగు సాపేక్షభేదము. లావోత్సు పేర ప్రసిద్ధమై, 81 అధ్యాయములుగా ప్రచారమునందున్న తావో తే చింగ్ ఈ భావమును విస్తరించినది. 1993లో గువోదియన్ అను చోట ఒక సమాధియందు లభించిన వెదురు పలకలవలన, ఆ గ్రంథభాగములు కొన్ని క్రీస్తుపూర్వము 300 ప్రాంతమునకే వ్రాతలో నుండెనని తేలినది. దీర్ఘహ్రస్వములు, ఉచ్చనీచములు, భావాభావములు ఒకదాని నపేక్షించి మరియొకటి సిద్ధించునని ఆ గ్రంథమతము. తర్కమునందు అన్యోన్యాశ్రయము దోషము. ఈ దర్శనమునందు అది ప్రపంచస్వభావము.

అంతకంటెను ముఖ్యమైనది రిక్తతను గూర్చిన విచారము. బండిచక్రమునకు ఆకులెన్ని యున్నను నాభియందలి రంధ్రము లేనిచో చక్రము తిరుగదు. కుండలోని ఖాళీ లేనిచో కుండతో పని లేదు. ద్వారము, గవాక్షము లేని గోడలు ఇల్లు కానేరవు. ఈ మూడు దృష్టాంతములచే ఆ గ్రంథము చూపిన విషయమేమనగా, లేనిది ఉన్నదానికి శత్రువు కాదు. ఉన్నదానిచే పని చేయించునది అదియే.

నేడు సర్వత్ర కానవచ్చు నలుపు తెలుపుల వృత్తచిహ్నము ఆ గ్రంథమంత ప్రాచీనమైనది కాదు. 11వ శతాబ్ది తత్త్వవేత్త జౌ దున్‌యి వివరించిన ‘పరమావధి చిత్రము’ నేటి చిహ్నమునకు భిన్నమైనది. నేటి రూపమును పోలిన చిత్రములు మింగ్ రాజవంశపు కాలమున, అనగా 1368 తరువాత, ప్రచారమునకు వచ్చినవి. చిహ్నము భావమునకు సంక్షేపము మాత్రమే. సంక్షేపమును చూచి గీసినవాడు భావమును గీసినట్లు కాదు.

భావమును గీసినవారు ఎట్లు గీసిరో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 12, 13 శతాబ్దుల సంధికాలమున దక్షిణ సుంగ్ ఆస్థానమునందుండిన మా యువాన్ అను చిత్రకారునిదిగా చెప్పబడు ఒక పట్టుచిత్రము టోక్యో జాతీయ సంగ్రహాలయమునందు కలదు. అందు ఒక చిన్న పడవ, అందు వంగి కూర్చుండి గాలము వేయుచున్న ఒక జాలరి, పడవచుట్టును సన్నని అలల గీతలు కొన్ని. మిగిలిన పట్టు అంతయు చేయి తాకనిది. అయినను చూచువానికి ఆ తాకని పట్టు చలికాలపు నదీజలముగా తోచును. నీరు గీయబడలేదు, పడవ గీయబడుటచే నీరు సిద్ధించినది. పడవను తీసివేసినచో అది వట్టి పట్టు. నీరు లేదనుకొన్నచో పడవ గాలిలో వ్రేలాడును. రెండింటిలో ఏది దేనికి ఆధారమో చెప్పుట కష్టము.

దీనివలన తావో వైరుధ్యమునకు మూడు అంశములు తేలుచున్నవి. మొదటిది అన్యోన్యాపేక్ష: ఒకటి లేనిచో మరియొకటి లేకుండుట. రెండవది పరివర్తనము: ఒకటి పరిపాకమునొందినప్పుడు రెండవదిగా మారుట. మూడవది కార్యకారియగు రిక్తత: ఏమియు లేనిచోటు పని చేయుట. యంత్రచిత్రములను ఈ మూడింటితో పరీక్షించుట న్యాయము.

గణకయంత్రము సున్న, ఒకటి అను రెండు అంకెలపై నడచును గదా, అదియే యిన్–యాంగ్ కాదా యనునది మొదటి పూర్వపక్షము. ఈ వాదము క్రొత్తది కాదు. జర్మను తత్త్వవేత్త లైబ్నిజ్ ద్వ్యంకగణితమును 1679 నాటికే ఊహించి యుండెను. బువే అను జెస్యూట్ మతాచార్యుడు 1701లో చీనానుండి ఈ చింగ్ గ్రంథపు 64 షడ్రేఖాచిత్రముల పటమును ఆయనకు పంపెను. అది 1703లో చేరగా, విరిగిన గీతను సున్నగను, విరుగని గీతను ఒకటిగను చదివి, ప్రాచీన చీనా ఋషి తన గణితమునే ఎరిగియుండెనని లైబ్నిజ్ ఆనందించి, ఆ సంవత్సరమే తన ద్వ్యంకగణిత వ్యాసమునందు ప్రకటించెను. కాని ఆ పటమునందలి వరుస ఆదిఋషిది కాదు. 11వ శతాబ్దికి చెందిన షావో యుంగ్ సంప్రదాయమునందలిది. ఈ చింగ్ కూడ తావో మతస్థులకు మాత్రమే చెందిన గ్రంథము కాదు. కన్ఫ్యూషియస్ అనుయాయులకును అది ప్రమాణము.

అంతకంటె బలమైన బాధకము ఒకటి కలదు. ఈ చింగ్ ప్రశ్నవిధానమున గీతలు రెండు కావు, నాలుగు. 7, 8 అను సంఖ్యలచే తెలియబడునవి స్థిరములు. 6, 9 అను సంఖ్యలచే తెలియబడునవి ముదిరినవి. ముదిరిన యిన్ యాంగ్‌గా మారును. ముదిరిన యాంగ్ యిన్‌గా మారును. యంత్రమునందలి సున్న ముదియదు. ఎవరో మార్చువరకు అది సున్నగానే యుండును. కావున సున్న, ఒకట్లయందు భేదము కలదు గాని, భేదము తనంత తాను తిరుగబడు స్వభావము లేదు. అన్యోన్యాపేక్ష కొంత యున్నను పరివర్తనము లేదు. మొదటి పూర్వపక్షము రెండవ అంశమునందే నిలువలేకపోయినది.

ఇచ్చట సంస్కృతజ్ఞులకు ఒక ప్రలోభము కలదు. పింగళుని ఛందశ్శాస్త్రమునందు లఘుగురువుల ప్రస్తారము కలదు. ఆరక్షరముల పాదముగల గాయత్రీ ఛందమునకు ప్రస్తారము వేసినచో సరిగా 64 భేదములు వచ్చును. ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థియు దీనిని ఎరుగును. సంఖ్యాసామ్యమును చూచి, చీనావారి షడ్రేఖలును, పింగళుని ప్రస్తారమును, కంప్యూటరును ఒక్కటియే యని సభలయందు చెప్పువారు లేకపోలేదు. రెండు వికల్పములను ఆరు స్థానములయందు ఉంచినచో ఎచ్చటనైనను 64 భేదములే వచ్చును. గణితము ఒక్కటియే యైనంతమాత్రమున దర్శనము ఒక్కటి కాదు. స్వదేశగౌరవమును పెంచుటకై చేయు ఇట్టి సమీకరణము పింగళునికి గౌరవము కాదు, లావోత్సునకు న్యాయమును కాదు.

అయినను ఛందశ్శాస్త్రము ఈ విచారమునకు వేరొక విధమున ఉపకరించును. లఘువు తనంత లఘువైనను, తరువాత సంయుక్తాక్షరము వచ్చినచో గురువగును. దాని స్వరూపము మారలేదు. ప్రక్కవానినిబట్టి దాని స్థితి మారినది. అంకెలయందు గాక, ప్రక్కవానితోడి సంబంధమునందే వైరుధ్యము పుట్టు ఇట్టి రచన యంత్రమునందు సాధ్యమా? సాధ్యమే. ఇచ్చటనే యంత్రచిత్రకళ తన నిజమైన బలమును చూపినది.

ఆంగ్ల గణితవేత్త జాన్ కాన్వే రూపొందించిన ‘లైఫ్’ అను ఆట 1970లో లోకమునకు తెలిసినది. గడులుగల పలక, ప్రతి గడికి చుట్టును ఎనిమిది గడులు. సజీవమైన గడికి ఇరుగుపొరుగున రెండు గాని మూడు గాని సజీవమైన గడులున్నచో అది నిలుచును. తక్కువైనచో ఏకాకితనముచే నశించును. ఎక్కువైనచో రద్దీచే నశించును. నిర్జీవమైన గడికి సరిగా మూడు సజీవమైన గడులు పొరుగున నున్నచో అది జీవించును. నియమములు ఇంతే. వీనినుండి గువ్వలవలె జరుగుచుపోవు ఆకృతులును, మినుకుమినుకుమను ఆకృతులును, స్థిరముగా నిలుచు ఆకృతులును తెరపై పుట్టును. ఇచ్చట నలుపు తనంత నలుపు కాదు, తెలుపు తనంత తెలుపు కాదు. ఒకదాని అతివృద్ధియే దాని నాశమునకు హేతువు. పొరుగున ఖాళీ గడులు లేనిచో ఏ ఆకృతియు కదలదు.

ఇంతకంటె లోతైనది అలన్ ట్యూరింగ్ 1952లో ప్రకటించిన ఆకృతిజనన సిద్ధాంతము. రెండు ద్రవ్యములు సమముగా కలిసియున్నవనుకొనవలెను. ఒకటి తన్ను తాను పెంచుకొనుచు రెండవదానిని కూడ పుట్టించును. రెండవది మొదటిదానిని అణచుచు, దానికంటె వేగముగా వ్యాపించును. అతిస్వల్పమైన చలనము కలిగినచో ఆ సమస్థితి విడిపోయి, చుక్కలును చారలును ఏర్పడును. చిరుతపులి మచ్చలకును, చారలగుఱ్ఱపు చారలకును ఇట్టి కారణము ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంచిరి. 1991 నుండి ఈ విధానము కంప్యూటరు చిత్రములయందును వాడుకలోనికి వచ్చినది. ఇట్టి చిత్రమును రచించువాడు చారను గీయడు. చార పుట్టుటకు తగిన నియమమును మాత్రమే ఉంచును. పెంచునది తననణచుదానిని తానే కనుచున్నది. అణచునది లేనిచో పెరుగుదల అంతటను నిండి రూపమే లేకుండపోవును. వృత్తచిహ్నమును గీయక, యిన్ అనుమాట నుచ్చరింపక, ఈ చిత్రము మొదటి రెండు అంశములను పూర్ణముగా తృప్తిపరచుచున్నది. పేరు పెట్టుకొనినదానికంటె పేరు లేనిదే తావోకు చేరువగా నుండుట గమనింపదగినది.

మిగిలినది మూడవ అంశము, రిక్తత. యంత్రచిత్రమునకు కఠినమైన పరీక్ష ఇదియే. పట్టుపైగాని కాగితముపైగాని ఖాళీ యనగా చేయి తాకని స్థలము. తెరపై ఖాళీ యనునది లేదు. సామాన్యమైన ఎనిమిది బిట్ల చిత్రమున ప్రతి బిందువునకును 0 మొదలు 255 వరకు నొక సంఖ్య యుండవలెను. నలుపునకు 0, తెలుపునకు 255. ఏమియు గీయని చోట కూడ ‘తెలుపు’ అని యంత్రము చెప్పియే తీరవలెను. మా యువాన్ నీటిని చెప్పక విడిచెను. యంత్రము విడువలేదు, విడిచినట్లు చెప్పగలదు. మౌనముగా నుండుటకును, ‘మౌనముగా నున్నాను’ అని పలుకుటకును గల భేదమే ఇచ్చట కలదు.

తొలినాటి యంత్రచిత్రకారులకు ఈ చిక్కు ఇంతగా లేకుండెను. 1965 ఫిబ్రవరిలో జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ నగరమున గేయోర్గ్ నీస్ తన చిత్రములను ప్రదర్శించెను. ఆ యేడే ఆ నగరముననే ఫ్రీడర్ నాకే చిత్రములును ప్రదర్శితములైనవి. అవి ప్లాటరు అను పరికరము కలముతో కాగితముపై గీసినవి. కలము పోనిచోట కాగితము కాగితముగానే మిగిలినది. యంత్రమునకు ఆజ్ఞ గీతకే గాని ఖాళీకి కాదు.

2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ వెలువడిన తరువాత లోకమంతట వ్యాపించిన చిత్రజనక యంత్రములు దీనికి సరిగా విపరీతములు. అవి క్షేత్రమంతటను యాదృచ్ఛికమైన కల్లోలమును నింపుకొని, దానిని మెట్టుమెట్టుగా తొలగించుచు చిత్రమును తేల్చును. అచ్చట తాకని చోటన్నది మొదటినుండియు లేదు. శూన్యమునుండి రూపము పుట్టుట కాదు, నిండినదానిని సవరించుట.

ఇచ్చట నొక ఆక్షేపము రావచ్చును. చూచువానికి తెల్లగా, నిశ్శబ్దముగా కనిపించినచో చాలును గదా. ఆ తెలుపు సంఖ్యయో, తాకని పట్టో చూచువానికేల? 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చీనా ప్రకృతిచిత్రములను యంత్రముచే గీయించు నొక ప్రయోగము జరిగినది. సంగ్రహాలయములనుండి సేకరించిన 2,192 సంప్రదాయచిత్రములను యంత్రమునకు నేర్పిరి. 242 మందికి చూపగా, యంత్రచిత్రములను నూటికి 55 పర్యాయములు మనుష్యులు గీసినవిగా పొరపడిరి. ఆ చిత్రములయందును పొగమంచు కలదు, ఖాళీ కలదు. అట్లయిన భేదమేమి?

భేదము కారణమునందు కలదు. ఆ చిత్రములయందు ఖాళీ యుండుట నేర్చిన చిత్రములయందు ఖాళీ తరచుగా నుండుటచేత. మా యువాన్ చిత్రమునందు ఖాళీ యుండుట పడవకు నీరు కావలసియుండుటచేత. రూపము ఒక్కటియే, హేతువు వేరు. శిష్యుడు గురువు చిత్రమును చూచి వ్రాయుట తప్పు కాదు. షే హో చెప్పిన చిత్రకళా షట్సూత్రములయందు ప్రాచీనచిత్రములకు ప్రతికృతులు వ్రాయుట ఆరవది. కాని మొదటిది ప్రాణలయ. ఆరవదానితో మొదలిడి మొదటిదానికి చేరుట విద్య. ఆరవదానియందే నిలిచిపోవుట అభ్యాసము మాత్రమే. ప్రేక్షకుడు భ్రమపడుట యంత్రమునకు ప్రతికృతి బాగుగా వచ్చినదనుటకు ప్రమాణమగును, అంతకుమించినదానికి కానేరదు.

రెండవ పూర్వపక్షము మరింత ఆకర్షకమైనది. 2014లో రూపొందిన ఒక విధానమున రెండు యంత్రజాలములు పరస్పరము పోటీపడును. ఒకటి చిత్రమును సృజించును, ఒకటి అది కృత్రిమమా సహజమా యని పరీక్షించును. ఈ విధానముచే పుట్టిన ‘ఎడ్మండ్ ద బెలామీ’ యను చిత్రము 2018 అక్టోబరులో న్యూయార్కునందలి క్రిస్టీస్ వేలములో 4,32,500 డాలర్లకు అమ్ముడైనది. దానిపై చిత్రకారుని సంతకమునకు బదులు ఆ విధానపు గణితసూత్రము వ్రాయబడినది. ఒకటి తగ్గింపజూచును, రెండవది పెంపజూచును. ఇదియే యిన్–యాంగ్ అని కొందరి వాదము.

ఇది రమ్యముగా నున్నను నిలువదు. శిక్షణ ముగిసిన పిమ్మట చిత్రములను పుట్టించుటకు సృజించు జాలము ఒక్కటియే చాలును. పరీక్షించు జాలము సామాన్యముగా ప్రక్కన పెట్టబడును. ఒకటి మిగిలి ఒకటి త్రోసివేయబడు జంట తావో జంట కాదు. ఎండవాలును ఉంచుకొని నీడవాలును పారవేయుట ఎవ్వరికిని శక్యము కాదు. ఆ జాలములది వాదిప్రతివాదుల సంబంధము. నిర్ణయము వచ్చినపిదప వారిలో ఒకరితో పని లేదు.

మూడవ పూర్వపక్షము ‘వు–వేయి’ అను భావమును ఆశ్రయించినది. బలాత్కారముగా చేయకయే కార్యము జరుగనిచ్చుట యని దాని తాత్పర్యము. రెండు మాటలు వ్రాసి యంత్రమునకు వదలివేయుటకంటె అకర్మ యేమి యుండునని వీరి ప్రశ్న. దీనికి జ్వాంగ్‌జి గ్రంథమునందలి వంటవాని కథయే సమాధానము. ఎద్దును కోయు ఆ వంటవాని కత్తికి 19 సంవత్సరములైనను పదును పోలేదు. ఎముకల కీళ్లనడుమనున్న ఖాళీలయందే కత్తి పోవుటచేత అది మొక్కవోలేదు. మొదట అతని కన్నులకు కనిపించినది ఎద్దు మాత్రమే. సంవత్సరముల అభ్యాసముచే ఖాళీలు కనిపించినవి. వు–వేయి అభ్యాసమునకు ఫలము; అభ్యాసమునకు ప్రత్యామ్నాయము కాదు. ఖాళీ ఎచ్చటనున్నదో ఎరుగనివాడు చేయి ముడుచుకొనుట అకర్మ కాదు, ఆలస్యము.

యంత్రచిత్రకళయందు అభ్యాసము ఎట్లుండునో చూపినవారును కలరు. 1924లో బుడాపెస్టున జన్మించి, పారిస్‌నందు స్థిరపడి, 2023లో దివంగతురాలైన వేరా మోల్నార్ 1968లో కంప్యూటరును చేపట్టెను. దానికి చాల సంవత్సరములకు పూర్వమే ఆమె ‘ఊహాయంత్రము’ను అవలంబించెను. అనగా నియమములను తానే వ్రాసికొని, యంత్రము చేయునట్లు తన చేతితోనే వానిని అమలుపరచెను. 1974 నాటి ఆమె చిత్రమాలయందు చతురస్రములలోపల చతురస్రములు వరుసగా నుండును. నియమమునందు కొంత అక్రమము కలుపబడుటచే అవి కదలి వణకునట్లు తోచును. అక్రమము లేనిచో అది జాలీకిటికీ, అక్రమమే యైనచో అది చెత్తకుప్ప. ఎంత కలుపవలెనో నిర్ణయించినది యంత్రము కాదు. ఆమె చిత్రములకు తావో గ్రంథములు మూలమని చెప్పుట ఇచ్చట ఉద్దేశము కాదు. క్రమము అక్రమముచే సజీవమగుననునది అచ్చట ప్రత్యక్షముగా కనిపించుచున్నదని మాత్రమే చెప్పదగును.

కర్త యెవడను ప్రశ్న న్యాయస్థానములకును ఎక్కినది. 2022లో అమెరికాదేశపు కొలరాడో రాష్ట్ర ప్రదర్శనమున బహుమానమునొందిన ఒక యంత్రచిత్రమునకు కనీసము 624 పర్యాయములు ఆదేశములను మార్చి వ్రాసితినని దాని ప్రదర్శకుడు చెప్పినను, ఆ దేశపు కాపీరైటు కార్యాలయము 2023లో ఆ హక్కును నిరాకరించినది. ఆ సంవత్సరమే నవంబరులో బీజింగ్ ఇంటర్నెట్ న్యాయస్థానము అట్టి వేరొక చిత్రమునందు మనుష్యుని ఎన్నికయు, బుద్ధియు కలవని హక్కును అంగీకరించినది. ఇవి సొత్తును గూర్చిన తీర్పులు. ఆదేశములు ఎన్ని యను లెక్క కళావిచారమునకు చాలదు. ఏది గీయవలదని నిర్ణయించినవాడెవడు అను ప్రశ్న ఇచ్చట ముఖ్యమైనది.

ఈ విషయమునందు న్యాయశాస్త్రపు అభావవిచారము కొంత వెలుగునిచ్చును. నలుపు తెలుపు కాదు, తెలుపు నలుపు కాదు అనుట అన్యోన్యాభావము. చిహ్నమును గీయువారందరును ఇచ్చటనే నిలిచిపోవుచున్నారు. కాని కార్యము పుట్టుటకు పూర్వమున్న అభావము ప్రాగభావము. కార్యమునకు కారణములయందు దానిని కూడ నైయాయికులు లెక్కించిరి. కుండ పుట్టుటకు కుండ ఇంకను లేకపోవుట కూడ కావలెను. తాకని పట్టు చిత్రమునకు ఈ విధముగా కారణమగుచున్నది. అట్లని తావో రిక్తత ప్రాగభావమే యనరాదు. ప్రాగభావము కార్యము పుట్టగానే నశించును. చక్రనాభియందలి రిక్తత చక్రము తిరుగుచున్నంతకాలమును పని చేయుచుండును. ఒక శాస్త్రపు పరిభాష మరియొక దర్శనమును చూచుటకు దీపము కావచ్చును; దానికి మారుపేరు కారాదు.

కావున యంత్రచిత్రకళను నిరాకరించుట శాస్త్రసమ్మతము కాదు. సంబంధమునుండి రూపమును పుట్టించుటయందు యంత్రము కుంచె చేయజాలని పనిని చేసినది. ట్యూరింగ్ నియమమునుండి పుట్టిన చారలను చూచినవాడు అన్యోన్యాపేక్షను కంటితో చూచినట్లే. కాని రిక్తతను యంత్రము తనంత తాను ఇవ్వజాలదు. దాని స్వభావము నింపుట. విడుచుట రచయిత నియమమునందు ఉండవలెను: ఎచ్చట గీత ఆగవలెను, ఎంత క్షేత్రము దేనికిని చెందక యుండవలెను, అట్లుండుటచే ఏమి సిద్ధింపవలెను అనునవి ముందుగా నిర్ణయింపబడవలెను. అట్టి నిర్ణయము ఉన్నచో తెరపైనున్న 255 అను సంఖ్య కూడ నీరు కాగలదు. అది లేనిచో పట్టుపైనున్న ఖాళీ కూడ వట్టి ఖాళీయే.

ప్రాచ్యకళాశాలలయందు నేడు కంప్యూటరు చదువును, శాస్త్రాధ్యయనమును ఒకే ఆవరణమున నడచుచున్నవి. ప్రస్తారము నేర్చిన విద్యార్థికి ‘లైఫ్’ ఆటయందలి నియమములు గంటలో అర్థమగును. అతనికి చీనా గ్రంథములను కూడ, ఇంగ్లీషు పుస్తకముల ముఖచిత్రములనుండి గాక, మంచి అనువాదములనుండి చదివించుట అవసరము. అప్పుడు అతడు వృత్తచిహ్నమును తెచ్చి తెరపై అతికింపడు. చదరపు పలకపై ఒక గడిని నలుపు చేసి, దాని ప్రక్కగడి ఏమి కావలెనో, ఏ గడి ఏమియు కాక యుండవలెనో ఆలోచించును. ఆ ఆలోచనయే లేనిచో, మా యువాన్ జాలరి పడవ క్రింద నీటిని కూడ ఎవరో ఒకరు నేడో రేపో నీలిరంగుతో నింపుదురు.